యాభై ఏళ్ళ మనిషి

మార్చి నెలలో హార్మెన్‌కి యాభై నిండినప్పుడు ఊరు ఊరంతా కలిసి అతని ఇంటి ముందు బైబిలు తాత అబ్రహాం బొమ్మను నిలబెట్టింది. మోలెన్‌వీర్‌లో యాభై నిండిన మగవాడెవడూ ఆ బొమ్మను తప్పించుకోలేడు. గడ్డి కుక్కిన పాత ప్యాంటు, తెల్ల గడ్డం, మెడలో ఒక అట్టముక్క. హార్మెన్ కారు నడపడం నేర్పే మాస్టారు కాబట్టి ఎదురింటి బౌక్యె ఎక్కడినుంచో ఒక పాత స్టీరింగు తెచ్చి బొమ్మ చేతులకు తగిలించింది. అట్ట మీద "హార్మెన్‌కి యాభై! బ్రేకులు ఇంకా పనిచేస్తున్నాయి" అని పెద్ద అక్షరాలతో రాసింది. దారినపోయే ప్రతి కారూ హారన్ కొట్టింది. హార్మెన్ భార్య వీట్స్కె వచ్చినవాళ్ళకల్లా కాఫీ పోసి, కేకు కోసి, నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టి పడుకుంది. మొగుడి వయసు ఊరందరికీ తెలియడం కూడా ఒక అపాయమేనని ఆ రోజు ఎవరైనా చెబితే ఆమె ఇంకాస్త నవ్వి ఉండేది.

మే నెలలో రోజ్‌మరైన్ కనబడకుండా పోయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, గ్రోనింగెన్ యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుతోంది. పచ్చిక బయళ్ళలో గుడ్లు పెట్టే పిట్టలను లెక్కపెట్టడానికి ఆ వసంతమంతా మోలెన్‌వీర్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. పొడుగు బూట్లు తొడుక్కుని బురదలో తిరిగేది, ఎదురైన ప్రతి రైతుకూ చెయ్యి ఊపేది. పనిలో పనిగా హార్మెన్ దగ్గర కారు నేర్చుకునేది. ఆ గురువారం సాయంత్రం అయిదింటికి క్లాసు అయిపోయాక హార్మెన్ ఆమెను చర్చి దగ్గర దించాడు. ఆమె తన సైకిలెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ సైకిలు కాలువ గట్టున, పాత గాలిమర పక్కన దొరికింది. పిల్ల మాత్రం దొరకలేదు.

ఊరంతా వరస కట్టి పొలాలు వెతికింది. హార్మెన్ కూడా పొడుగాటి గెడ పట్టుకుని కాలువల్లో రెల్లు కదిలిస్తూ తిరిగాడు. సాయంత్రం మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చి స్నానాల గదిలో చాలాసేపు ఉండిపోయాడు. బయటికి వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చలిగాలి," అన్నాడు.

వీట్స్కె సూపు వేడిచేసి పెట్టింది. అతను సగం తాగి వదిలేశాడు.

ఆ పిల్లను చివరగా చూసినవాళ్ళందరినీ పోలీసులు పిలిపించారు. హార్మెన్ పట్నం స్టేషనుకు వెళ్ళి మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. ఏమడిగారని వీట్స్కె అడిగితే, "ఎక్కడ దించావు, ఎన్నింటికి దించావు, ఎలా ఉంది అమ్మాయి, అవే. సాక్షిగా పిలిచారు, అంతే," అని కోటు విప్పి తగిలించాడు. ఆ మాట ఆమెకు సరిపోయింది. సరిపోకపోవడానికి అప్పటికి కారణమేమీ లేదు.

రెండు రోజుల తర్వాత టీవీ వార్తల్లో ఆ ముక్క వచ్చింది. విద్యార్థిని అదృశ్యం కేసులో మోలెన్‌వీర్‌కు చెందిన యాభై ఏళ్ళ వ్యక్తిని పోలీసులు అనుమానితుడిగా ప్రశ్నించి వదిలిపెట్టారు, అతనిపై అనుమానం ఇంకా తొలగలేదు. ఇంతే వార్త. అక్కడి పోలీసులు పేరు చెప్పరు. వయసూ ఊరూ చెప్పి ఊరుకుంటారు. మనిషి పరువు కాపాడడానికట! మహానగరంలో అయితే కాపాడుతుందేమో. నాలుగు వీధుల ఊళ్ళో, యాభై నిండిన ప్రతివాడి గుమ్మంలో బొమ్మను నిలబెట్టి చాటే ఊళ్ళో, వయసు చెప్పాక ఇక పేరెందుకు? గడిచిన ఏడాదిలో మోలెన్‌వీర్‌లో నిలబడింది ఒకే ఒక్క అబ్రహాం.

వీట్స్కె రిమోటు చేతిలో పట్టుకుని మొగుడి వంక చూసింది. హార్మెన్ టీవీ వంకే చూస్తున్నాడు.

"యాభై అన్నారు," అంది.

"విన్నా."

"ఊళ్ళో యాభై నిండినవాళ్ళు ఇంకెవరున్నారు?"

"ఏమో. నేనేనేమో," అన్నాడు హార్మెన్. అది వేళాకోళమో ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాటికి ఊరి వాట్సాప్ గ్రూపులో అబ్రహాం బొమ్మ ఫోటో తిరిగింది, పక్కన హార్మెన్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. కింద ఎవరూ ఏమీ రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. సాయంత్రానికి అది ఊరు దాటింది, ఆ మర్నాటికి దేశమంతా చూసింది. వారం తిరక్కుండా టీవీలో నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని చర్చ పెట్టారు. రిటైరైన పోలీసాయన ఒకడు, మనసుల డాక్టరొకడు. ఎవరూ పేరెత్తరు. "ఆ యాభై ఏళ్ళ మనిషి" అంటారు. ఆ యాభై ఏళ్ళ మనిషి వృత్తిరీత్యా ఆడపిల్లలతో ఒంటరిగా ఉండేవాడని విన్నాం అంటారు. ముఖం మసకచేసిన ఒక అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టారు.

"గేరు మీద నా చెయ్యి ఉంటే, దాని మీద ఆయన చెయ్యి వేసి మార్చేవాడు. అప్పుడు మామూలే అనుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది," అంది ఆ అమ్మాయి.

లోకంలో కారు నేర్పే మాస్టార్లందరూ చేసేది అదే. చెయ్యి వేసి మార్చకపోతే గేరు పళ్ళు ఊడిపోతాయి. కానీ మసక ముఖం లోంచి వచ్చిన మాటకు ఎదురు చెప్పేవాడెవడు? మనసుల డాక్టరు గంభీరంగా తలాడించాడు. గోరంత కొండంతయింది.

పాఠాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. ఒకరికి జలుబు, ఒకరికి పరీక్షలు, ఒకామె కూతురికి హఠాత్తుగా కారంటేనే భయం పట్టుకుందట. రొట్టెల దుకాణంలో వీట్స్కె అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. బౌక్యె ఒక్కతే ముఖం మీద మాట్లాడింది, చెత్తబుట్ట బయట పెడుతూ.

"ఏమే, నేను నమ్మానంటావేమోనని చెబుతున్నా, నేను నమ్మలేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, అదే నా బాధ."

"నమ్మలేదంటూనే నిప్పంటున్నావేమిటే?"

"నేనా? ఊరంటోంది. నేనైతే మీ ఆయన్ని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా. కాకపోతే లోపల ఏముందో ఎవరికి తెలుసు చెప్పు, మా ఆయన లోపల ఏముందో నాకే తెలీదు," అని బౌక్యె లోపలికి వెళ్ళిపోయింది.

మోలెన్‌వీర్‌లో దీపాలు వెలిగాక కూడా కిటికీ తెరలు ఎవరూ వెయ్యరు. దాచుకోవడానికి మా దగ్గరేముంది, కావాలంటే చూసుకోండి అన్నట్టు బతుకుతారు. వీట్స్కె కాపురానికి వచ్చిన నాటి నుంచి ముందు గది తెరలు ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఆ సాయంత్రం ఇంటి ముందు తెలియని కారొకటి ఆగి, అందులోంచి ఇద్దరు కుర్రాళ్ళు దిగి ఫోన్లెత్తి వీడియో తీస్తుంటే ఆమె లేచి తెరలు గుంజబోయింది.

"వెయ్యకు," అన్నాడు హార్మెన్.

"సోఫాలో కూచున్న మనిషిని జంతువుని చూసినట్టు చూస్తున్నారు!"

"చూడనీ. వేస్తే ఇంకోలా చూస్తారు."

ఆమె వేసేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. పొద్దున్నకల్లా మూసిన తెరల ఫోటో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. చూశారా, ఇక చూడండి, ఇన్నాళ్ళూ లేనిది ఇవాళెందుకు మూశారు అని ముక్కూ మొహం తెలియని వేలమంది రాశారు. అది తన పని అని, హార్మెన్ వద్దన్నాడని ఎవరికి చెప్పుకోవాలో వీట్స్కెకు తెలియలేదు.

ఉట్రెక్ట్‌లో చదువుకుంటున్న కూతురు నింకె ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. చివర్లో, "అమ్మా, నాన్న ఆ రోజు ఇంటికి ఎన్నింటికి వచ్చాడు?" అంది.

"ఎందుకే?"

"ఏం లేదు. అందరూ అడుగుతున్నారు."

అయిదింటికి పిల్లను దించాడు. ఇంటికి ఎనిమిదింటికి వచ్చాడు. ఆ సంగతి వీట్స్కెకు ముందు నుంచీ తెలుసు, కానీ అంతవరకూ అది లెక్క కాలేదు. ఇప్పుడు నోటి చివరికి వచ్చి కూర్చుంది. కక్కలేక మింగలేక ఒక రోజంతా గడిపి, బంగాళాదుంపలు ఒలుస్తూ అడిగేసింది.

"ఆ మూడు గంటలూ ఎక్కడున్నావు హార్మెన్?"

"సముద్రపు కట్ట దగ్గర. కారాపుకుని కూచున్నా."

"మూడు గంటలా?"

"రోజంతా పక్కన ఎవరో ఒకరు కారుని గోడకి గుద్దబోతుంటారు. కాసేపు ఊరికే కూచోవాలనిపిస్తుంది. ఎప్పుడూ కూచుంటూనే ఉన్నాగా."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడూ అడగలేదుగా," అన్నాడతను, ఒలిచిన దుంపలు గిన్నెలో వేస్తూ.

కాపురం చేసే మనిషి ఏళ్ళ తరబడి సముద్రం వైపు చూస్తూ ఒంటరిగా కూర్చుంటాడని తెలియడం చిన్న దెబ్బ కాదు. అది తెలియకపోతే ఇంకేమేం తెలియవో? వీట్స్కె పోలీసులకు ఫోన్ చేసింది. అవతల ఆడమనిషి మర్యాదగానే మాట్లాడింది.

"మా ఆయన సాక్షా, అనుమానితుడా? ఒక్క మాట చెప్పండి చాలు."

"వ్యక్తుల గురించి మేము ఏమీ చెప్పం మేడమ్."

"అతను కాదని అయినా చెప్పొచ్చు కదా! భార్యని నేను."

"ఒకరు కాదని చెబితే ఇంకొకరి గురించి చెప్పినట్టే అవుతుంది. అర్థం చేసుకోండి."

అర్థం చేసుకుంది. అర్థమైతే ఏం లాభం? ఇక మిగిలిన సాక్ష్యం హార్మెన్ మాట ఒక్కటే. దాన్ని నమ్మడమా మానడమా అన్నది దేశంలో ఇంకెవరి చేతిలోనూ లేదు, తన చేతిలోనే ఉంది. నమ్మాలని ఆమె ఎంత గట్టిగా అనుకుందో చెప్పలేను. పొద్దున లేవగానే నమ్మేది. కాఫీ దగ్గర నమ్మేది. మధ్యాహ్నానికి నమ్మకం పలచబడేది. అతను కప్పు కడుగుతుంటే ఆ చేతులు చూసేది. ఆ రోజు స్నానాల గదిలో ఎందుకేడ్చాడు, ఏ పాపం కడుక్కున్నాడు అనుకునేది, అనుకున్నందుకు తనను తానే తిట్టుకునేది.

శనివారం హార్మెన్ రొట్టె కోసం సైకిలు మీద పక్క ఊరికి వెళ్ళాడు. కారు గ్యారేజీలో ఉంది. శుభ్రం చేద్దామని వీట్స్కె వాక్యూమ్ తీసుకుని వెళ్ళింది. శుభ్రం చెయ్యడానికే అని తనకు తాను రెండుసార్లు చెప్పుకుంది. డిక్కీ తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, లోపలి చాప ఎత్తింది. వేళ్ళతో తడిమింది. చాపను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పెట్రోలు వాసన, రబ్బరు వాసన. సీట్ల మధ్య పొడుగాటి వెంట్రుక ఒకటి దొరికింది. రోజుకు అరడజను మంది ఆడపిల్లలు కూర్చునే కారులో వెంట్రుక దొరకకపోతే వింత. అయినా ఆమె దాన్ని వెలుతురులో పెట్టి చూస్తూ ఉండిపోయింది. వాక్యూమ్ ఇంకా ప్లగ్గులో కూడా పెట్టలేదు.

"స్టెప్నీ కింద చూడలేదు నువ్వు," అన్న మాట వినిపించింది.

హార్మెన్ గ్యారేజీ గుమ్మంలో రొట్టె సంచితో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"శుభ్రం చేద్దామని..."

అతను సంచి కింద పెట్టి, వచ్చి, మర తిప్పి, స్టెప్నీ టైరు బయటికి తీశాడు. "రా. దగ్గరికొచ్చి చూడు. చీకటిగా ఉంది, టార్చి ఇస్తా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కారు పాఠం చెప్పేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని లేపి, మూలనున్న ఫ్రీజరు తెరిచి బఠాణీల సంచులు ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టాడు. పనిముట్ల గది తలుపు తీశాడు. నిచ్చెన వేసి అటక మీది పెట్టెలు దించాడు, నింకె పసితనపు బట్టలతో సహా. "ఇది చూడు. ఇదీ చూడు," అంటున్నాడు. అరిస్తే బాగుండేది. చెంప మీద కొట్టినా తట్టుకునేది.

"చాలు హార్మెన్. నీ కాళ్ళు పట్టుకుంటా, చాలు," అని ఆమె ఏడ్చింది.

"వెనక చిన్న గది ఇంకా ఉంది," అన్నాడతను.

ఆ సాయంత్రం అతనే ముందు గది తెరలు తీసి, దీపం వేసి, కిటికీ ఎదురుగా కూర్చున్నాడు. చూసేవాళ్ళు చూశారు. పక్క కుర్చీలో కూర్చోవడానికి వీట్స్కెకు ముఖం చెల్లలేదు.

తర్వాతి వారంలో రోజ్‌మరైన్ దొరికింది. ఊరి చివర, సెలవులకొచ్చేవాళ్ళు దిగే హాలిడే పార్కు వెనక, రెల్లులో. ఆ పార్కు చెక్క ఇళ్ళలో ఒకదాంట్లో చలికాలం నుంచి ఉంటున్న మనిషిని పోలీసులు పట్టుకెళ్ళారు. వాడు ఒప్పుకున్నాడు. విడాకులైనవాడు, ఊళ్ళో ఎవరికీ తెలియనివాడు, కానీ చిరునామా మోలెన్‌వీర్‌దే. జనవరిలో యాభై నిండిందట. వాడి గుమ్మం ముందు బొమ్మ పెట్టేవాళ్ళెవరూ లేకపోయారు. అందుకని ఊరి దృష్టిలో వాడికి వయసే లేదు.

ఆ పూటే ఊరు హార్మెన్ ఇంటికి కదిలింది. పూలు వచ్చాయి. మామూలుగా కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసే బౌక్యె నిండు కేకు తెచ్చింది.

"నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను కదే, హార్మెన్ అలాంటివాడు కాదని!" అంది.

"అన్నావు," అంది వీట్స్కె. ఆమె నోరెత్తే పరిస్థితిలో ఉందా? ఊళ్ళో అందరూ ఫోన్లలో చూశారు, చెవులు కొరుక్కున్నారు. గ్యారేజీలో చాప వాసన చూసింది మాత్రం తనే. జలుబు చేసిన కుర్రాడికి జలుబు తగ్గింది, కారంటే భయపడ్డ పిల్లకు భయం పోయింది. హార్మెన్ అందరికీ కాఫీ పోశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

అంత్యక్రియలైన మర్నాడు రోజ్‌మరైన్ తల్లి వచ్చింది. సన్నటి మనిషి, కోటు గుండీలు తప్పు కన్నాల్లో పెట్టుకుంది. కూర్చోగానే హార్మెన్‌నే చూస్తూ, "మా అమ్మాయితో చివర మంచిగా మాట్లాడింది మీరేనటండీ. ఏం మాట్లాడింది? కాస్త చెబుతారా?" అంది.

హార్మెన్ కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"ఆ రోజు ఇరుకులో కారు వెనక్కి పెట్టడం మొదటిసారి సరిగ్గా వచ్చిందండీ. ఒక్కసారికే వచ్చేసింది. సంతోషం పట్టలేక రెండు చేతులూ వదిలేసి చప్పట్లు కొట్టింది. నేను కేకలేశా, చేతులు, చేతులు అని. ఇంకా నవ్వింది. పొలంలో ఒక పిట్టకి నా పేరు పెట్టిందట. ఏమ్మా ఎందుకు అంటే, అది ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి ఎటో చూస్తూ ఉంటుంది మాస్టారూ, అచ్చం మీలాగే అంది. ఇంటిదాకా దించుతానన్నానండీ. సైకిలుంది, పర్లేదంది. ఇంకోసారి అడగాల్సింది. ఒక్కసారి గట్టిగా అడిగితే ఎక్కేది."

అతను ఆ పరాయి తల్లి ఎదుట వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చింది. వీట్స్కె కాఫీ కూజా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ పిల్ల ఎలా ఉండేది, ఏం మాట్లాడేది అని ఇన్నాళ్ళలో ఒక్కరూ హార్మెన్‌ని అడగలేదు. టీవీ పెద్దమనుషులు అడగలేదు, బౌక్యె అడగలేదు. తను గంటల లెక్క అడిగింది, పిల్ల సంగతి అడగలేదు. ఇంట్లో ఒక మనిషి చచ్చిపోయిన పిల్ల కోసం కుమిలిపోతుంటే, పక్కనే పడుకుని అతన్ని కాపలా కాసింది.

ఆ తల్లి వెళ్ళాక వీట్స్కె అతని ఎదుట కూర్చుంది.

"నన్ను క్షమించు హార్మెన్."

"ఊరి మీద నాకు కోపం లేదు," అన్నాడతను. "నా గురించి ఊరికేం తెలుసు? వయసు తెలుసు, కారు నేర్పుతానని తెలుసు. అంతేగా. నీ మీదా కోపం లేదు వీట్స్కె. కోపమైతే ఎప్పటికైనా దిగేది."

ఆమె చెయ్యి చాచింది. అతను దాన్ని కాసేపు పట్టుకుని, జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు.

ఎండాకాలానికి పాఠాలు మళ్ళీ నిండాయి. ఇదివరకు అతను తలుపు తీసుకుని చెప్పకుండా వెళ్ళేవాడు, చెప్పకుండా వచ్చేవాడు. ఇప్పుడు చెబుతాడు.

"రొట్టెకి వెళ్తున్నా. వంతెన మీంచి వెళ్తా. పావుగంటలో వస్తా."

వచ్చాక, "దారిలో బౌక్యె కనబడింది. నిలబడి రెండు మాటలు మాట్లాడా. కావాలంటే కనుక్కో," అంటాడు.

మొదట్లో ఎత్తిపొడుపనుకుంది. ముఖం చూస్తే ఎత్తిపొడుపు లేదు. నెలలు గడిచినా మానలేదు.

"నేను అడగలేదు కదా హార్మెన్. నాకు చెప్పక్కర్లేదు."

"తెలుసు. నువ్వు మళ్ళీ వెతుక్కునే పని ఉండకూడదని," అంటాడు మెల్లగా, భార్యకు సాయం చేస్తున్నవాడిలా.

సాయంత్రం ఆఖరి పాఠం అయ్యాక కారు గ్యారేజీలో పెట్టి, డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంచి ఇంట్లోకి వస్తాడు. అతను చేతులు కడుక్కుంటుండగా వీట్స్కె వెళ్ళి, లోపలికి చూడకుండా, దాన్ని మూసి వస్తుంది.